చంటిపిల్లలతో విశాఖ, అరకు: ప్రయాణం ఎలా సిద్ధం చేసుకోవాలి

చలికాలం దగ్గరపడితే చాలు, తెలిసినవాళ్ళంతా నన్ను అడిగేది ఒకటే: "బాబుకు పది నెలలు, పాపకు నాలుగేళ్ళు. అరకు వెళ్ళి రాగలమా?" నిశ్చింతగా వెళ్ళి రావచ్చు. కాకపోతే పెద్దవాళ్ళు ఇద్దరే వెళ్ళినట్టు మాత్రం వెళ్ళకూడదు.

మా పెద్దవాడికి మూడేళ్ళు, చిన్నదానికి తొమ్మిది నెలలు ఉన్నప్పుడు మేము మొదటిసారి వెళ్ళాం. రెండు రాత్రుల ప్రయాణం. ఒకే రోజులో బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, చాపరాయి చూసేయాలనుకున్నాం. సాయంత్రం అనంతగిరి మలుపుల్లో పాప వాంతి చేసుకుంది. మార్చవలసిన బట్టలన్నీ కారు పైన తాళ్ళతో కట్టిన సూట్‌కేసులో ఉన్నాయి. చీకటి, చలి, ఆగడానికి చోటు లేదు. బిడ్డను తడి గుడ్డతో తుడిచి నా శాలువాలో చుట్టి రెండు గంటలు గుండెకు ఆనించుకుని కూర్చున్నాను. మరుసటి ఏడాది నాలుగు రాత్రులు పెట్టుకుని, రోజుకు ఒక్క చోటికే వెళ్ళాం. పిల్లలు నవ్వుతూ తిరిగారు, మేమూ నిద్రపోయాం. ఆ రెండు ప్రయాణాల మధ్య తేడాయే ఇక్కడ రాస్తున్నాను.

హైదరాబాదు నుంచి వెళ్ళేవారిని దృష్టిలో పెట్టుకుని రాశాను. విజయవాడ, రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చేవారు రాత్రి రైలు భాగం వదిలేసి మిగతాది చదువుకోండి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఇంట్లో వాడే లెక్కకు సగం కలిపి డైపర్లు, నాలుగైదు పాత నూలు గుడ్డలు, రబ్బరు షీటు
- మూత గట్టిగా బిగిసే ఫ్లాస్కు, స్టీలు గిన్నె, చెంచా
- బిడ్డను ఒంటికి కట్టుకునే క్యారియర్ (చక్రాల బండి ఈ ప్రయాణానికి పనికిరాదు)
- మడిచే దోమతెర, ఉన్ని టోపీ, మేజోళ్ళు, పొడుగు చేతుల చొక్కాలు
- థర్మామీటరు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మీ డాక్టరు రాసిచ్చిన జ్వరం మందు
- పిల్లల ఆధార్ లేదా జనన ధ్రువపత్రం, టీకాల కార్డు ఫొటో
- మూత బిగించగలిగే ప్లాస్టిక్ సంచులు పది (వీటి విలువ ఘాట్‌రోడ్డులో తెలుస్తుంది)

1. నెల ఎంచుకోండి, ఆ తరువాత రోజులు లెక్కపెట్టండి

డిసెంబరు చివర, జనవరి మొదట్లో అరకు కిక్కిరిసిపోతుంది. రాత్రి చలి పది డిగ్రీల కంటే కిందికి దిగుతుంది. ఏడాది లోపు బిడ్డ ఉంటే అక్టోబరు చివరి నుంచి నవంబరు వరకు గాని, ఫిబ్రవరిలో గాని వెళ్ళండి. నవంబరులో అయితే వలిసె పూలు కొండవాలంతా పసుపుపచ్చగా పరుచుకుని ఉంటాయి, పిల్లలకు అదే పెద్ద వింత. భారీ వానల్లో కొండచరియలు విరిగిపడి రైళ్ళు ఆగిపోతుంటాయి కాబట్టి ఆ రోజులు వద్దు.

కనీసం నాలుగు రాత్రులు ఉంచుకోండి: వెళ్ళేటప్పుడు విశాఖలో ఒకటి, అరకులో రెండు, తిరిగి విశాఖలో ఒకటి. అన్ని రోజులు సెలవు దొరకకపోతే అరకు మానేసి విశాఖ ఒక్కటే చూసి రండి. అందులో చిన్నతనం ఏమీ లేదు, మూడేళ్ళ పిల్లలకు సముద్రపు ఒడ్డున ఇసుక చాలు.

పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. హైదరాబాదులో సాయంత్రం ఎక్కిన గోదావరి ఎక్స్‌ప్రెస్ ఆరింటి ప్రాంతంలో విశాఖ చేరుతుంది. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలు ఏడు లోపే బయలుదేరుతుంది. "ఎలాగూ స్టేషన్లోనే ఉంటాం, అటునుంచి అటే ఎక్కేద్దాం" అని చాలామంది టికెట్లు తీసేస్తారు. మొదటి రైలు గంట ఆలస్యమైతే రెండోది పోతుంది. సమయానికి వచ్చినా రాత్రంతా సరిగా నిద్రపోని బిడ్డను మళ్ళీ నాలుగు గంటలు కూర్చోబెట్టాలి. ఆ పని చేయకండి.

2. టికెట్లు

రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచి దొరుకుతాయి. అయిదేళ్ళు నిండని పిల్లలకు విడిగా బెర్తు అక్కర్లేదనుకుంటే టికెట్టే వద్దు. అయిదు నుంచి పన్నెండేళ్ళ లోపు వారికి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ పడుతుంది. నాలుగేళ్ళ పిల్లకు ఉచితమే కదా అని ముగ్గురూ ఒకే బెర్తు మీద సర్దుకోవాలనుకుంటారు. చంటిబిడ్డ కూడా ఉంటే మాత్రం నాలుగేళ్ళ పిల్లకు డబ్బు కట్టి బెర్తు తీసుకోండి. ఈ ప్రయాణంలో ఇంతకంటే మంచి ఖర్చు లేదు.

కింది బెర్తు తల్లికి ఉండాలి. దొరకకపోతే ఎదుటివారిని మర్యాదగా అడగండి, బిడ్డను చూసి కాదనేవారు అరుదు. అమ్మమ్మ గాని నానమ్మ గాని వెంట వస్తే వారి వయసు సరిగ్గా నమోదు చేయండి. 45 ఏళ్ళు దాటిన మహిళలకు, గర్భిణులకు కింది బెర్తుల కోటా ఉంటుంది.

అరకు రైల్లో అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, కావాలంటే బుకింగ్ తెరిచిన రోజునే చూసుకోండి. త్వరగా నిండిపోతుంది. ప్రయాణానికి ముందురోజు 139కి ఫోను చేసి రైలు వేళలు మళ్ళీ కనుక్కోండి.

3. పది రోజుల ముందు పిల్లల డాక్టరును కలవండి

నాలుగు విషయాలు అడగండి. వేయవలసిన టీకా ఏదైనా మిగిలిందా? జ్వరం వస్తే ఏ మందు, ఎన్ని మిల్లీలీటర్లు? ఘాట్‌రోడ్డు వాంతులకు మందు ఇవ్వవచ్చా? దోమల క్రీము ఈ వయసుకు పనికొస్తుందా? జవాబులు కాగితం మీద రాయించుకోండి.

జ్వరం మందు గురించి కాస్త నిదానంగా చదవండి. పారాసెటమాల్ చుక్కల మందు సాధారణంగా ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్ అయితే అయిదు మిల్లీలీటర్లలో 120 లేదా 125, గాఢంగా ఉండేదైతే 250. అంటే ఇంట్లో సిరప్ వాడే అలవాటుతో అంతే కొలత చుక్కల మందు పోస్తే నాలుగు రెట్ల మందు లోపలికి వెళ్ళినట్టే. ప్రయాణంలో మందు అయిపోయి దారిలో వేరే సీసా కొన్నప్పుడు ఈ పొరపాటు జరుగుతుంది. ఇంట్లో వాడే సీసానే, దాని కొలత గొట్టంతో సహా తీసుకెళ్ళండి. మూడు నెలలు నిండని బిడ్డకు ఒళ్ళు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే మందు పోసి వేచి చూడవద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి.

రైల్లో పడుకుంటుందని నిద్ర వచ్చే జలుబు మందు పోయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. దయచేసి వినకండి. చంటిపిల్లల్లో ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని ఉందో లేదో చూడండి. పళ్ళ రుచితో డబ్బాల్లో వచ్చే తీపి నీళ్ళు ఓఆర్‌ఎస్ కావు, చక్కెర ఎక్కువై విరేచనాలు పెరగవచ్చు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడిన తరువాత, ఆ సూత్రం ప్రకారం లేని పానీయాలకు ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. గ్లాసులో కాస్త పొడి వేసి కలిపితే ఉప్పు కొలత తప్పుతుంది. లీటరు ఎక్కువనుకుంటే 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు అడగండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి.

4. దారి తిండి

ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు, ఎండలోనైనా విడిగా నీళ్ళు అక్కర్లేదు. ఆ వయసు బిడ్డతో ప్రయాణమే సులువు అని నా నమ్మకం.

ఆరు నెలలు దాటినవారికి ఇంటి ఉగ్గు తీసుకెళ్తారు చాలామంది. బియ్యం, పెసరపప్పు వేయించి కొట్టిన ఉగ్గును పొయ్యి మీద ఉడికించాలి. ఫ్లాస్కు నీళ్ళలో కలిపితే లోపల పచ్చిగానే ఉండి కడుపునొప్పి తెస్తుంది. రైల్లో కెటిల్ వాడటం నిషేధం, ప్రమాదం కూడా. అందుకని ప్రయాణం మటుకు అటుకుల పొడి చేసుకోండి. అటుకులు సన్నని సెగ మీద కరకరలాడేదాకా వేయించి, చల్లారాక మెత్తగా పొడిచేసి జల్లించండి. రెండు చెంచాల పొడి మీద మరిగించి పోసుకున్న ఫ్లాస్కు నీళ్ళు పోసి మూతపెట్టి అయిదు నిమిషాలు ఆగితే ముద్ద అవుతుంది. చెంచాతో ఎత్తితే దారంలా జారాలి, ముద్దగా ఊడి పడితే ఇంకాస్త నీళ్ళు కలపండి. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని వేడి చూశాకే పెట్టండి.

ఇది ప్రయాణానికి వారం ముందే ఇంట్లో రెండుసార్లు పెట్టి చూడండి. కొత్త తిండి మొదటిసారి రైల్లో పెట్టకూడదు. ఫ్లాస్కును కూడా పరీక్షించండి: రాత్రి మరిగిన నీళ్ళు పోసి పొద్దున మూత తీస్తే ఆవిరి రావాలి.

పెద్ద పిల్లలకు ఇడ్లీ, అరటిపండు, మరమరాలు సరిపోతాయి. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించవద్దు. డబ్బా పాలు అయితే పొడి, నీళ్ళు విడివిడిగా ఉంచుకుని తాగే ముందే కలపండి. కలిపి రెండు గంటలైతే పారబోయండి.

5. రెండు సంచులు సర్దండి

పెద్ద సూట్‌కేసు సంగతి మీకు తెలిసిందే. రెండోది చేతి సంచి, అది ఎప్పుడూ మీ కాళ్ళ దగ్గరే ఉండాలి. అందులో ఆరు డైపర్లు, తుడిచే గుడ్డలు, ప్రతి బిడ్డకూ రెండు జతల బట్టలు, మీకూ ఒక చొక్కా లేదా కుర్తీ, ప్లాస్టిక్ సంచులు, మందులు, నీళ్ళు, అటుకుల పొడి. మీకు బట్టలు ఎందుకంటారా? బిడ్డ వాంతి చేసుకునేది మీ భుజం మీదే.

సరిగా సర్దారో లేదో ఇలా చూసుకోండి. రాత్రి గదిలో దీపం తీసేసి, ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని, రెండో చేత్తో సంచిలోంచి డైపరు, గుడ్డ, ఒక జత బట్టలు తీయండి. అర నిమిషంలో తీయగలిగితే సర్దుడు కుదిరినట్టే. వెతుక్కోవలసి వస్తే మళ్ళీ సర్దండి. రైల్లో అర్ధరాత్రి మీరు చేయబోయేది సరిగ్గా ఇదే.

6. రైల్లో రాత్రి

- ఎక్కగానే బెర్తు, కిటికీ అంచు, చేతికి తగిలే చోట్లన్నీ తడి గుడ్డతో తుడవండి. ఏడాది బిడ్డ నోటితో చూడని వస్తువు ఉండదు.
- బిడ్డ గోడ వైపు, మీరు బయటి వైపు పడుకోండి. పైబెర్తు మీద పిల్లలను ఒంటరిగా పడుకోబెట్టవద్దు.
- రెండు బెర్తుల మధ్య చీరతో ఉయ్యాల కట్టే అలవాటు మనలో ఉంది. బ్రేకు పడితే ఉయ్యాల ఊగి బిడ్డ తల ఇనుప కమ్మీకి కొట్టుకుంటుంది, నిద్రలో ముడి జారుతుంది. ఒళ్ళోనే జోకొట్టండి.
- ఏసీ గాలి తిన్నగా బిడ్డ మీద పడకుండా తల అటు మార్చండి. ముఖం మీద మాత్రం దుప్పటి కప్పవద్దు.
- నాలుగేళ్ళ పిల్ల జేబులో మీ ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. ప్రతి ఉదయం ఆ రోజు బట్టల్లో ఒక ఫొటో తీయండి. తప్పిపోతే "ఎర్ర చొక్కానా, నీలం చొక్కానా" అని తడుముకోకుండా ఫొటో చూపించవచ్చు. రైల్లోనైనా స్టేషన్లోనైనా 139, ఎక్కడైనా 1098 పిల్లల సహాయ నంబరు.

7. విశాఖలో మొదటి రోజు ఏమీ పెట్టుకోకండి

గది, స్నానం, వేడి అన్నం, నిద్ర. గది ముందే మాట్లాడుకునేటప్పుడు "ఉదయం ఏడింటికి వస్తాం, అప్పుడే ఇస్తారా" అని అడిగి ఖాయం చేసుకోండి. మధ్యాహ్నం పన్నెండు దాకా బిడ్డతో రిసెప్షన్లో కూర్చోవలసి వస్తే ఆ రోజంతా పాడవుతుంది.

సాయంత్రం ఎండ తగ్గాక ఆర్కే బీచ్‌లో ఇసుకలో ఆడించండి. నీళ్ళలోకి మాత్రం వద్దు. అక్కడ ఒడ్డు దగ్గరే లోతు, ప్రవాహం లాగేస్తుంది. అలలు తాకని పొడి ఇసుక దగ్గరే హద్దు గీసుకోండి. ఎదురుగానే ఉన్న కురుసుర జలాంతర్గామి లోపల తలుపులు ఇరుకు, వంగి దాటాలి. బిడ్డను ఎత్తుకుని కష్టం, పెద్దవాళ్ళు వంతులవారీగా చూడండి. కైలాసగిరి మీద పిల్లల రైలు ఉంది, నాలుగేళ్ళవారికి అది పండుగ.

8. అరకుకు రైల్లో వెళ్ళండి, కారులో దిగండి

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. కారులో వెళ్తే శృంగవరపుకోట దాటాక మలుపులు మొదలవుతాయి. రైల్లో అయితే కుదుపు లేదు, మరుగుదొడ్డి ఉంది, బిడ్డను ఎత్తుకుని అటూ ఇటూ నడవవచ్చు. అందుకే ఎక్కేటప్పుడు రైలే మేలు.

దారిలో యాభైకి పైగా సొరంగాలు వస్తాయి. సొరంగం రాగానే పెట్టెలో జనం ఈలలు, కేకలు వేస్తారు. నిద్రపోతున్న బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది, చెవుల మీదుగా టోపీ దించి గుండెకు ఆనించుకోండి. పెద్ద పిల్లకు ముందే చెప్పండి: "ఇప్పుడు చీకటి వస్తుంది, మనం పది లెక్కపెట్టేలోపు వెలుతురు వస్తుంది." లెక్క ఆటగా మారితే భయం ఉండదు. మా వాడు ఇప్పటికీ అరకు అంటే లెక్కపెట్టిన సొరంగాలే చెబుతాడు. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి చేరకముందే ఉన్ని చొక్కాలు తొడిగేయండి, తలుపు తెరిస్తే గాలి చల్లగా కొడుతుంది.

తిరుగు ప్రయాణంలో కారు తీసుకుంటే దారిలో బొర్రా చూడవచ్చు. ఘాట్‌లో దిగేటప్పుడు ఇవి పాటించండి:

- బయలుదేరడానికి గంటన్నర ముందు తేలికగా తినిపించండి. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. పాలు, నూనె పూరీలు వాంతి తెస్తాయి.
- ఫోను చేతికి ఇవ్వవద్దు. దూరంగా కొండను చూపించి మాట్లాడించండి.
- ముప్పావుగంటకు ఒకసారి ఆపమని డ్రైవరుకు బయలుదేరక ముందే చెప్పండి. మలుపులో చెబితే ఆపడానికి చోటు ఉండదు.
- చెవులు మూసుకుపోతే బిడ్డకు పాలివ్వండి, పెద్ద పిల్లకు గుక్క గుక్కగా నీళ్ళు తాగించండి. పాలిచ్చేటప్పుడు కారు పక్కకు ఆపించండి.
- పిల్లలను ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు. వెనక సీటే, వీలైతే పిల్లల సీటుతో. అద్దె కారులో అది ఉండదు కాబట్టి మీదే వెంట తెచ్చుకోవాలి.

9. బొర్రా గుహలు: ఎవరు లోపలికి, ఎవరు బయట

మెట్లు చాలా ఉన్నాయి, నీరు కారి జారుతుంటాయి. లోపల ఉక్క, గబ్బిలాల వాసన. క్యారియర్‌లో ముందుకు కట్టుకున్న బిడ్డతో, పట్టు ఉన్న బూట్లతో, రెండు చేతులూ ఖాళీగా ఉంటే మొదటి పెద్ద గది దాకా వెళ్ళి తిరిగి రండి. అంతకు లోపలికి అక్కర్లేదు. ఆరు నెలల లోపు బిడ్డయితే ఒకరు బయట ఉండిపోవడమే మంచిది. కోతులు ఉంటాయి, చేతిలో అరటిపండు కనబడితే లాక్కుంటాయి. నాలుగేళ్ళ పిల్ల చేతికి తినేది ఏదీ ఇవ్వకండి.

అరకు ఊళ్ళో రెండు రోజులకు పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం చాలు, పొద్దున ఒకటి, మరుసటి పొద్దున ఇంకొకటి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా పిల్లల నిద్ర వేళ, ఆ సమయం దేనికీ ఇవ్వవద్దు. బొంగులో చికెన్ ఘాటుగా ఉంటుంది, పిల్లలకు పప్పన్నం ముందే చెప్పి వండించుకోండి.

10. గదిలో దోమలు, రాత్రి చలి

ఇది మన్యం, మలేరియా ఉన్న ప్రాంతం. సాయంత్రం అయిదు కాగానే పొడుగు చేతులు, మేజోళ్ళు తొడిగి తలుపులు మూసేయండి. బిడ్డను దోమతెరలోనే పడుకోబెట్టండి, తెర అంచులు పరుపు కిందికి మడవాలి. రెండు నెలల లోపు బిడ్డకు దోమల క్రీములు ఏవీ పూయకూడదు. గదిలో బొగ్గుల కుంపటి పెట్టమని అడగవద్దు, మూసిన గదిలో ఆ పొగ ప్రాణం తీస్తుంది. చలికి ఒక పొర ఎక్కువ తొడగడమే పద్ధతి. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి: వెచ్చగా ఉంటే సరిపోయింది, చెమట ఉంటే ఒక పొర తీసేయండి.

అరకులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పెద్ద ఆసుపత్రులు విశాఖలోనే. కొండల్లో ఫోను సిగ్నలు పోతుంటుంది కాబట్టి గది యజమాని నంబరు, డ్రైవరు నంబరు, మీ డాక్టరు నంబరు కాగితం మీద కూడా ఉండాలి. అంబులెన్సుకు 108.

ప్రయాణం సవ్యంగా సాగుతోందా? రోజూ రాత్రి చూసుకోండి

బిడ్డ ఆ రోజు కనీసం ఆరుసార్లు మూత్రం పోసిందా? పెద్ద పిల్లకు మూత్రం లేత పసుపులో ఉందా? రెండు పూటలైనా ఇంట్లో తిన్నట్టు తిన్నారా? పగటి నిద్ర పడిందా? ఈ నాలుగింటిలో రెండు "లేదు" అయితే మరుసటి రోజు చూడాలనుకున్నది మానేసి గదిలో ఉండండి. ఏడ్చినా కన్నీళ్ళు రాకపోవడం, నోరు ఎండిపోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం, పిలిస్తే మగతగా చూడటం: వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ రాత్రే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంటికి వచ్చాక సూట్‌కేసు మూలన పెట్టేసినా ఒక మాట మరచిపోకండి. నెల రోజుల లోపు పిల్లల్లో ఎవరికైనా, మీకైనా, చలితో జ్వరం వస్తే "వైరల్ ఏమోలే" అని రెండు రోజులు చూడవద్దు. డాక్టరుతో మొదటి మాటగా "అరకు వెళ్ళి వచ్చాం" అని చెప్పి, మలేరియా రక్తపరీక్ష చేయించండి.